తొమ్మిదో తరగతి ట్యూషన్‌లో ఐదో తరగతి లెక్కలెందుకు?

లెక్కల ట్యూషన్ చెప్పడానికి ఎవరింటికి వెళ్లినా మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్న: "వచ్చే యూనిట్ టెస్టుకి మార్కులు పెరుగుతాయా?" ఆ ఆత్రుతను నేను తప్పుపట్టను. స్కూలు ఫీజు కట్టాక, దాని మీద ట్యూషన్ ఫీజు కూడా కడుతున్న తల్లిదండ్రులు వాళ్లు. అయితే బాగా వెనకబడ్డ పిల్లల విషయంలో నిజాయితీగా ఇవ్వగలిగే జవాబు "అప్పటికి పెరగవు" అనే. ఆ మాట అంటే ట్యూషన్ పోతుందన్న భయంతో చాలామంది ట్యూటర్లు రేపటి టెస్టుకి వచ్చే లెక్కలే చేయించేస్తారు. డబ్బు ఖర్చవుతుంది గానీ పిల్లల కష్టం ఉన్నచోటే ఉండిపోతుంది.

బహుపదులు రావడం లేదంటున్న తొమ్మిదో తరగతి అమ్మాయికి 1/2 + 1/3 ఇచ్చి చూడండి. 2/5 అని రాసే అవకాశం చాలా ఉంది. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేస్తుంది. అజాగ్రత్త అనుకుని క.సా.గు. పద్ధతి మళ్లీ చూపిస్తే ఆ రోజుకి సరిగ్గానే చేస్తుంది. వారం తిరిగేసరికి మళ్లీ 2/5 దగ్గరికే వస్తుంది. అలా కాకుండా "సగం పెద్దదా, 2/5 పెద్దదా?" అని అడగాలి. కాస్త ఆలోచించి సగమే పెద్దదంటుంది. మరి సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చింది? ఆ ప్రశ్నతో తన జవాబును తనే అనుమానించడం మొదలుపెడుతుంది. లెక్కల్లో నిలదొక్కుకోవడానికి కావలసింది ఆ అనుమానమే. అది అలవాటు కావడానికి వారాలు పడుతుంది. ఎందుకంటే 1/2, 1/3 కూడా సంఖ్యలేనని, వాటికీ ఒక పెద్దా చిన్నా ఉంటుందని ఆ అమ్మాయికి ఇన్నేళ్లలో ఎవరూ చూపించలేదు.

సమీకరణాల సంగతీ ఇంతే. "అటు పంపితే ప్లస్ మైనస్ అవుతుంది" అని బట్టీ పట్టినవాళ్లు ఎక్స్ + 5 = 12 చేసేస్తారు. 3ఎక్స్ = 12 కనబడగానే మూడుని కూడా అటు పంపి, 12 లోంచి తీసేసి 9 అంటారు. "అర్థమైందా?" అంటే మాత్రం "అర్థమైంది సార్" అనే అంటారు. అందుకే వాళ్ల చేత లెక్కను నోటితో చెప్పించుకోవాలి.

ఇది ఒకటి రెండు ఇళ్ల సమస్య కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువుల స్థాయి మీద గ్రామీణ ప్రాంతాల్లో చేసే అసర్ సర్వే ప్రకారం, 2024లో దేశం మొత్తమ్మీద ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 31 శాతం లోపే. మిగతావాళ్లు కూడా ఏడాదికో తరగతి పైకి వెళ్తూనే ఉంటారు. వాళ్లని ఫెయిల్ చేసి కూర్చోబెట్టాలని నేననను. ఆపేసినంత మాత్రాన భాగహారం వచ్చేయదు. విడిగా కూర్చోబెట్టి నేర్పితే వస్తుంది. దీనికి ఆధారముంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ముంబై, వడోదర మునిసిపల్ బడుల్లో వెనకబడ్డ పిల్లల్ని రోజుకి రెండు గంటలు పక్కకి తీసుకెళ్లి 'బాల్‌సఖి' పేరుతో స్థానిక యువతుల చేత మూల విషయాలే చెప్పించారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు పరిశీలిస్తే మార్కులు స్పష్టంగా పెరిగాయని తేలింది. ఆ యువతులేమీ పెద్ద చదువులు చదివినవాళ్లు కారు. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి మొదలుపెట్టారు, అంతే. 2022లో తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో మొదలైన 'తొలిమెట్టు' కార్యక్రమం లక్ష్యం కూడా ఈ పునాదే.

ఇంట్లో ట్యూటర్ ఇదే పని చేయబోతే తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. ఐదో తరగతి పుస్తకం తీయగానే "మావాడికి అది కూడా రాదంటారా?" అంటారు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మొదటి రెండు నెలలు మార్కుల మాట పక్కన పెట్టండి. వారానికోసారి మీ అబ్బాయిని కూర్చోబెట్టుకుని, కొత్తగా వచ్చిన లెక్క ఒకటి చేసి, ఎందుకలా చేశాడో మీకు వివరించమనండి. మీకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు, అర్థమై చెబుతున్నాడా లేదా అన్నది తెలిసిపోతుంది. హోంవర్కంతా ట్యూటరే చేసిపెడుతుంటే మాత్రం ఆ ట్యూషన్ మానిపించండి.

పదో తరగతి పిల్లలు జనవరిలో వస్తే ఈ పద్ధతి కుదరదు. మార్చి పరీక్షలకి టైమ్ ఉండదు. అప్పుడు సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత లాంటి, పాత పునాది మీద తక్కువ ఆధారపడే చాప్టర్లు ఎంచుకుని 35 మార్కులు దాటించడమే చేయగలం. ఆ టెన్షన్‌లో అదీ అవసరమే. కానీ అది పరీక్ష గట్టెక్కించడమే తప్ప లెక్కలు నేర్పడం కాదని ట్యూటర్ ముందే చెప్పాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకునే ఆలోచన ఉంటే, పరీక్షలైన మర్నాటి నుంచే, వేసవి సెలవుల్లో, భిన్నాలు, ఋణ సంఖ్యలు మొదటి నుంచి చేయించాలని కూడా చెప్పాలి.