పిల్లల్ని ఊహించమనకండి, చదవమనండి

మొన్న కావలి నుంచి ఒంగోలుకి పాసింజర్‌లో వెళ్తున్నాం. మూడో తరగతి చదివే మా వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒక స్టేషన్లో బండి ఆగగానే పసుపు బోర్డు చూసి "మా, తెనాలి వచ్చేసింది మా!" అని అరిచాడు. తెనాలి వాళ్ల నాయనమ్మ ఊరు. బోర్డు మీద ఉన్నది తెట్టు. మేం కావలి దాటి అరగంట కూడా కాలేదు.

"ఇంకోసారి చూసి చదువు నాయనా" అన్నాను. వాడు బోర్డు వైపు తిరగలేదు. నా మొహంలోకి చూశాడు. రైటా తప్పా అని నా కళ్లల్లో వెతుక్కుంటున్నాడు. నాకు కడుపులో దేవినట్టయింది. ఎందుకంటే ఆ చూపు నాకు బాగా తెలుసు. సాయంత్రం మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో సగం మంది అట్టాగే చూస్తారు. మొదటి అక్షరం పట్టుకుంటారు, పక్కనున్న బొమ్మ చూస్తారు, నోటికొచ్చింది అంటారు, తర్వాత నా మొహం చూస్తారు.

ఇది వాళ్లకై వాళ్లు నేర్చుకున్నది కాదు, మనం నేర్పింది. పేరెంట్స్ మీటింగ్‌లో నేనే అడిగాను: "హోమ్ అని ఉన్నచోట మా వాడు హౌస్ అని చదువుతున్నాడు మేడమ్, ఎట్టా?" అని. "అర్థం సరిపోయింది కదండీ. తెలియని పదం వస్తే బొమ్మ చూసి, మొదటి అక్షరం చూసి ఊహించమని మేమే చెప్తాం. మధ్యలో ఆపితే ఫ్లో పోతుంది" అన్నారు. ఆవిడ మంచి టీచరే, పిల్లలంటే ప్రాణం. తనకు నేర్పిన పద్ధతే తను చెప్తోంది.

ఆ పద్ధతి ఎక్కడిదో వెతికి చదివాను. 1967లో అమెరికాలో కెన్ గుడ్‌మన్ అనే ఆయన, చదవడమంటే ఒక రకంగా ఊహించే ఆట అని వ్యాసం రాశాడు. అది బడుల్లోకి, టీచర్ల శిక్షణలోకి పాకింది. 2000లో అక్కడి నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల కమిటీ, అక్షరాలకూ శబ్దాలకూ ఉన్న లంకెను ఒక వరసలో నేర్పితే పిల్లలకు చదవడం బాగా వస్తుందని తేల్చింది. ఇప్పుడు అక్కడ కొన్ని రాష్ట్రాలు చట్టం చేసి మరీ ఊహించే పద్ధతిని ఆపేశాయి. వాళ్లు వదిలించుకుంటున్నదాన్ని మనం ఫీజు కట్టి తెచ్చుకుంటున్నాం.

ఇంగ్లీషు సంగతి అలా ఉంచండి. తెలుగులో ఈ అలవాటు ఇంకా ప్రమాదం. మన భాషలో అసలు సంగతంతా మాట చివర్లో ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, అయిందా కాలేదా, అన్నీ తోకలోనే. "తినలేదు" అని ఉంటే "తిన్నాడు" అని చదివేస్తారు. "చెప్పకుండా వెళ్లాడు"ని "చెప్పి వెళ్లాడు" చేస్తారు. మొదటి అక్షరం రైటే, కథ మాత్రం తలకిందులు. పోయిన పరీక్షలో "కింది వాటిలో సరికానిది ఏది?" అన్న ప్రశ్నకి మా ట్యూషన్ పిల్లలు ముగ్గురు సరైనది రాసొచ్చారు. ముగ్గురికీ పాఠం వచ్చు. "సరి" దాకా చదివి మిగతాది ఊహించుకున్నారు. మార్కులు పోయాయి, ఇంట్లో తిట్లు పడ్డాయి. ఆ పిల్లలకు సైన్సు రాదని వాళ్ల నాన్నలు అనుకుంటున్నారు. కాదండీ, సైన్సు వచ్చు. ఆ మాట చివరిదాకా చూడటం ఎవరూ నేర్పలేదు.

నేనిప్పుడు చేస్తున్నది చెప్తాను. మా ఇంట్లో మార్కాపురం రాతి పలక ఒకటి ఉంది. దాని మీద తెట్టు లాంటి మాట పెద్దగా రాసి, మొదటి అక్షరం తప్ప అంతా అరచేత్తో మూసేస్తాను. "తె" అన్నాక చెయ్యి కొంచెం జరుపుతాను. ఆ తర్వాతి ఒక్క అక్షరంలోనే ఎంత పని ఉందో చూడండి: పైన ట, కింద ట ఒత్తు, పక్కన కొమ్ము. పిల్లలు ఒత్తు దగ్గరే జారిపోతారు. అక్కడ తొందరపెట్టకూడదు, మనం అందించకూడదు. ట్, ట్టు, తెట్టు. ఒకసారి నిదానంగా, రెండోసారి కలిపి.

ఇంకో పని కూడా చేస్తాను. తెల్కు, పిడ్లె, మొక్రు లాంటి అర్థం లేని మాటలు రాసి చదవమంటాను. ఇంగ్లండ్‌లో 2012 నుంచి చిన్న పిల్లలకి 40 పదాల పరీక్ష పెడుతున్నారు, అందులో 20 అసలు లేని పదాలే. లేని మాటని ఎవరూ ఊహించలేరు, చదివి తీరాలి. మొదట్లో పిల్లలు తెల్లమొహం వేశారు. ఇప్పుడు వాళ్లే నాకు రాసిస్తున్నారు.

అర్థం దగ్గర మాత్రం ఎంతైనా ఆలోచించనివ్వండి, అక్కడ ముందూ వెనకా చూసుకోవాల్సిందే. ఆ రోజు తెట్టు తర్వాత ఉలవపాడు వచ్చింది. మా వాడు ఒక్కో అక్షరం పట్టుకుని పూర్తిగా చదివాడు. చదివాక అడిగాడు: "ఉలవలంటే తెలుసు మా, చారు పెడతావు కదా. పాడు అంటే ఏంది, పాడైపోయిందనా?" కాదు, ఊరి పేరు చివర పాడు వస్తే పల్లె అని చెప్పాను. కాసేపు ఆలోచించి "అయితే మైపాడు కూడానా?" అన్నాడు. మాట మొత్తం చదివాడు కాబట్టే ఆ ప్రశ్న పుట్టింది. "ఉ" చూసి ఇంకేదో ఊరు పేరు చెప్పేసి ఉంటే అక్కడితో అయిపోయేది.

అందుకే అమ్మానాన్నలకు నా మాట ఒక్కటే. ఈ రాత్రి మీ పిల్లతో పుస్తకం తెరిపించండి. బొమ్మ మీద చెయ్యి పెట్టి చదవమనండి. పాఠం కంఠతా వచ్చిందని మురిసిపోకండి, మధ్యలో ఒక లైను వేలుతో చూపించి అడగండి. తడబడితే కోప్పడొద్దు, కొట్టొద్దు. ఆ బిడ్డ మీ మొహం చూస్తే మాత్రం చిన్నగా పుస్తకం వైపు తిప్పండి.

తిరుగు ప్రయాణంలో ఒంగోలు దాటగానే సూరారెడ్డిపాలెం వచ్చింది. వాడు లేచి నిలబడి మొదలుపెట్టాడు. "సూ... రా... రె..." డ్డి దగ్గర ఆగాడు. నేను పెదవి కదపలేదు. బండి కదిలింది. బోర్డు వెనక్కి పోతుంటే కిటికీ ఊచలకి మొహం ఆనించి "రెడ్డి... పా... లెం" అని పూర్తి చేశాడు. ఈసారి నా మొహం చూడలేదు.