‘గేమ్‌లో ఇలా లేదు’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘గేమ్‌లో ఇలా లేదు’ గారికి,

నమస్కారాలు. మీ క్షేమం అడగక్కర్లేదు, ఏ వీడియో గేమ్‌ని సిరీస్‌గా తీసినా పేర్లు పడకముందే మీరొచ్చి సోఫాలో మధ్య సీట్లో సెటిలైపోతారని లోకమంతటికీ తెలుసు. 2023 జనవరిలో ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ మొదలైన దగ్గర్నుంచి మీరు ఉంటున్నది నా నోట్లోనే, అది కూడా అద్దె లేకుండా, కాబట్టి నాలుగు మాటలు అనే హక్కు నాకుంది. (రెండు సీజన్లూ చూడనివాళ్ళు ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పెట్టెయ్యండి, తర్వాత నన్ను తిట్టి లాభం లేదు.)

మొదటి ఎపిసోడ్ గుర్తుందా మీకు? గేమ్‌లో మనుషుల్ని రాక్షసుల్లా మార్చే ఆ ఫంగస్ జనం మీద పడేది 2013లో, సిరీస్‌లో 2003కి జరిపారు. పదేళ్ళు ఎత్తేశారని నేను గుండెలు బాదుకున్నా. తీరా చూస్తే కారణం చాలా చిన్నది, ‘ఇరవై ఏళ్ళ తర్వాత’ అని పడగానే అది 2023 అవ్వాలి, అంటే చూసేవాడు సోఫాలో కూర్చున్న సంవత్సరమే అవ్వాలి, గేమ్ లెక్కన పోతే 2033 అయ్యేది. వేళ్ళ మీద లెక్కేస్తే తేలిపోయే సంగతి, కానీ నోట్లో మీరున్నప్పుడు వేళ్ళు పనిచెయ్యవు కదా.

అన్నట్టు ఈ సిరీస్ తీసినవాళ్ళెవరో కూడా మనం పట్టించుకోలేదు. క్రెయిగ్ మేజిన్ పక్కన కూర్చున్నది ఎవరో కాదు, ఆ గేమ్ రాసిన నీల్ డ్రక్‌మన్. గేమ్‌లో ఎలా ఉందో ఆయనకే చెప్పే స్థాయికి ఎదిగాం మనిద్దరం.

ఇక స్పోర్స్ గొడవ. గేమ్‌లో మూసుకుపోయిన చోట్లలో ఫంగస్ పొడి గాల్లో తేలుతుంటుంది, అక్కడికెళ్తే గ్యాస్ మాస్కు పెట్టుకోవాలి. సిరీస్ మొదటి సీజన్లో అది తీసేసి నేల కింద తీగల్లా పాకే ఫంగస్ పెట్టారు, ఒక చోట కాలేస్తే ఇంకెక్కడో ఉన్నవాళ్ళు లేచి పరిగెత్తుకొస్తారు. నేను పాజ్ నొక్కి మా అక్కకి పావుగంట క్లాసు పీకా. అక్కకి గేమ్‌లంటే పడదు, నేను ఆడుతుంటే లేచి పక్క గదిలోకి పోయే మనిషి. అంతా విని ఒక్కటే అడిగింది, “ఒరేయ్, గంటసేపు మాస్కులేసుకుంటే వాళ్ళ మొహాలెలా కనిపిస్తాయి రా?” నా దగ్గర సమాధానం లేదు, ప్లే నొక్కా. తర్వాత రెండో సీజన్లో ఆ స్పోర్స్ నిజంగానే తెచ్చి పెట్టారు, అప్పుడైనా మీరు ఊరుకున్నారా? ‘మొదటి సీజన్లో లేవుగా, ఇప్పుడెందుకు’ అనిపించారు నాచేత. మీకు కావల్సింది స్పోర్స్ కాదండీ, పాజ్ బటన్.

అసలు సంగతి మూడో ఎపిసోడ్ దగ్గరుంది. బిల్, ఫ్రాంక్. గేమ్‌లో బిల్ ఊరంటే కారు బ్యాటరీ కోసం ఊరంతా తిరగడం, స్కూల్లో ఒళ్ళంతా ఫంగస్ పేరుకుపోయిన ఆ బ్లోటర్ గాడితో కొట్లాట, బిల్ తిట్లు. నేనవన్నీ సర్దుకుని రెడీగా కూర్చున్నా. వాళ్ళేమో దాదాపు ఎపిసోడ్ మొత్తం ఇద్దరు మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ప్రేమించుకుని, కంచె లోపల ఇల్లు సర్దుకుని, తుపాకీ ఇచ్చి స్ట్రాబెరీ విత్తనాలు తెచ్చుకుని, మెల్లగా ముసలివాళ్ళయిపోవడం చూపించారు. బ్లోటర్ లేదు, బ్యాటరీ వేట లేదు, కథ నడిపే ఎల్లీ, జోయెల్ చుట్టపుచూపుగా కనిపిస్తారు. (గేమ్‌లో ఫ్రాంక్ సంగతేంటో ఇప్పుడే చెప్పను, దానికి టైముంది.) నేను ఇటు తిరిగి ‘గేమ్‌లో ఇలా’ అనబోయా, అక్క ఏడుస్తోంది. శబ్దం లేకుండా, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా.

అప్పుడు నాకు ఎక్కడ కాలిందో ఇప్పుడు చెప్తున్నా మీకు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, నా బాధ వాళ్ళు కథ మార్చినందుకు కాదు, అక్క ఏడ్చినందుకు. ఈ కథలో ఏడవడానికి నేను పదిహేను గంటలు పనిచేశానండీ. నిచ్చెనలు మోసా, ఈత రాని ఎల్లీని చెక్క మీద ఎక్కించి నీళ్ళలో తోసుకెళ్ళా, ఇటుకలూ సీసాలూ ఏరుకున్నా, ఫంగస్ పట్టి కళ్ళు పోయిన క్లిక్కర్ చేతిలో ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు. ఈవిడ కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఒక్క గంటలో, అదీ నేను ఏడవని చోట, ఏడ్చేసింది. కూలి పని నాది, ఏడుపు ఫ్రీగా ఆవిడకా? ఆ ఉక్రోషాన్ని పైకి చెప్పుకోలేక మీ పేరు వాడుకుంటాం సార్, నమ్మకంగా తీయలేదు, ఒరిజినల్ ఆత్మ పోయింది అని పెద్ద మాటలు చెప్తాం.

పోనీ మార్చకపోతే ఊరుకుంటామా? మొదటి సీజన్ చివరి ఎపిసోడ్, ఆ ఆసుపత్రి ఘట్టం, దాదాపు గేమ్‌లో ఉన్నట్టే తీశారు. మక్కీకి మక్కీ దించేశారు, దీనికి మళ్ళీ సిరీస్ ఎందుకు, గేమ్ ఆడుకుంటే పోలా అన్నా. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం, ఇక్కడ కప్పా నేనే పామూ నేనే. గేమ్‌లోని పిట్స్‌బర్గ్ ఊరు పోయి కాన్సస్ సిటీ వచ్చిందని ఒక రోజు అలిగా. హెన్రీ తమ్ముడు శామ్‌ని వయసు తగ్గించి చెవిటి పిల్లాణ్ణి చేశారు, ఆ పిల్లాడు పలక మీద రాసి మాట్లాడుతుంటే గొంతులో ఏదో అడ్డం పడింది, ఆ రోజు మీరు కూడా నోట్లోంచి బయటికి రాలేదు, నేను గమనించా.

సిరీస్‌లో ఎల్లీ వేషం వేసిన బెల్లా రామ్సీ విషయంలో మాత్రం మీరు హద్దు దాటారు. ఎల్లీ మొహం ఇది కాదు, ఎల్లీ మొహం ఇది కాదు, జపం. గేమ్‌లో ఎల్లీకి మొహం ఎక్కడుందండీ, కంప్యూటర్లో గీసిన బొమ్మ. ఆ బొమ్మకి గొంతూ నటనా ఇచ్చిన ఆష్లీ జాన్సన్‌ని తెచ్చి చివరి ఎపిసోడ్లో ఎల్లీకి తల్లిగా పెట్టారు, మనం వెతుకుతున్న ఎల్లీయే ఈ ఎల్లీని కని చేతిలో పెట్టింది, ఇంతకంటే కుల ధృవీకరణ పత్రం ఏం కావాలి మనకి? ఎల్లీ మేత పెట్టే జిరాఫీ సంగతీ అంతే. కాల్గరీ జూకెళ్ళి నిజం జిరాఫీతో తీస్తే, నేను ‘గ్రాఫిక్స్ తేలిపోయాయి, గేమ్‌లో జిరాఫీయే నిజంలా ఉంది’ అన్నా. నిజంలా ఉండడం ఎలాగో ఆ జిరాఫీ ఇంకా నేర్చుకోవాలి.

నవ్వు రాని చోటొకటి ఉంది, అది కూడా రాసేస్తా. 2020లో రెండో గేమ్ వచ్చినప్పుడు జోయెల్‌ని చంపింది అబీ. ఆ పాత్రకి గొంతిచ్చిన లారా బెయిలీకి చంపుతామని బెదిరింపులు వచ్చాయి, ఆవిడే వాటిని బయటపెట్టింది. సిరీస్‌లో అబీ వేషం వేసిన కైట్లిన్ డెవర్‌కి షూటింగ్ టైంలో అదనంగా సెక్యూరిటీ పెట్టాల్సొచ్చింది. అది మీ పని అనను, మీరు నోటి దగ్గర ఆగే బాపతు. కానీ ఆ బెదిరించినవాళ్ళ ఇంటి తలుపు తీసింది మాత్రం మీ చుట్టాలే.

2025 ఏప్రిల్. రెండో సీజన్ రెండో ఎపిసోడ్. జోయెల్ చచ్చిపోతాడని నాకు దాదాపు ఐదేళ్ళుగా తెలుసు, అక్కకి తెలీదు. ఆ రాత్రి నేను టీవీ చూడలేదు, అక్క మొహం చూస్తూ కూర్చున్నా, గోల్ఫ్ కర్ర లేచిన దగ్గర్నుంచి అక్క ఊపిరి పీల్చిందో లేదో కూడా తెలీదు. అంతా అయిపోయింది, లైటు వెయ్యలేదు ఎవరం. ఏదో ఒక మంచి మాట చెప్పాలి కదా, తమ్ముణ్ణి కదా. నోరు తెరిచా. మీరొచ్చారు.

“గేమ్‌లో ఇలా లేదక్కా, జోయెల్‌తో పాటు టామీ ఉంటాడు, డీనా కాదు.”

అక్క నెమ్మదిగా నా వైపు తిరిగి, “నీకు ముందే తెలుసా?” అంది. తెలుసన్నా. “ఎప్పట్నుంచి?” 2020 అన్నా. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంట్లో నాతో మాట్లాడింది మీరొక్కరే.

మూడో రోజు అక్క వచ్చి కంట్రోలర్ ఇమ్మని అడిగింది. జోయెల్‌ని ఇంకొన్నాళ్ళు చూసుకుంటుందట, మొదటి గేమ్ పెట్టమంది. ఈజీలో పెట్టిచ్చా. రెండు బొటనవేళ్ళతో జోయెల్‌ని గోడలకి గుద్దిస్తూ, క్లిక్కర్ కనిపిస్తే కంట్రోలర్ నా ఒళ్ళో పడేస్తూ, వారం పట్టింది బిల్ ఊరు చేరడానికి. కంచె కనపడగానే మొహం విప్పారింది. “స్ట్రాబెరీలెక్కడ రా? ఫ్రాంక్ ఎప్పుడొస్తాడు?” అంది. ఈసారి నేను పెదాలు బిగబట్టుకుని కూర్చున్నా. బ్యాటరీ కోసం వెతుకుతూ ఒక ఇంట్లోకెళ్తే అక్కడ ఉరికి వేలాడుతూ ఒక శవం. బిల్ దాని మొహం చూసి పేరు చెప్పాడు. ఆ ఇంట్లోనే ఒక ఉత్తరం, అందులో ప్రేమ కాదు, బిల్ అంటే ఎంత అసహ్యమో రాసుంది. అక్క ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, పాజ్ నొక్కి, నా వైపు తిరిగి అంది:

“ఛీ, ఏంట్రా ఇది, సిరీస్‌లో ఇలా లేదు!”

ఇల్లు మారినట్టున్నారు, సంతోషం. ఈ ఉత్తరం ఆ అడ్రసుకే పంపిస్తున్నా.

ఇట్లు,
మీ పాత ఇంటి ఓనరు