అమ్మేదాకా ప్రాణం, చెడితే అలంకారం

కారులో ఉండే టచ్‌స్క్రీన్ కారు బతికినన్నాళ్లూ పనిచేస్తుందని కొన్నవాళ్లు ఆశపడకూడదట. 2021 జనవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ దాదాపు 1,58,000 టెస్లా కార్లను రీకాల్ చేయమని, అంటే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయమని అడిగినప్పుడు ఆ కంపెనీ లిఖితపూర్వకంగా ఇచ్చిన జవాబు సారాంశం ఇదే. అలాంటి భాగానికి కారంత ఆయుష్షు ఉండేలా తయారు చేయడం ఆర్థికంగా కుదరదని వాదించింది. అంటే అది లోపం కాదు, వస్తువుకు కాలం తీరింది, అంతే. ఈ మాటను ఒకసారి ఒప్పుకుంటే రేపు ఏ కంపెనీ అయినా ఏ భాగం గురించైనా ఇదే చెబుతుంది. మా ఆందోళన అంతా అక్కడే.

ఆ కార్లలో జరిగిందేమిటి? తెర వెనక ఉన్న కంప్యూటర్‌లో 8 జీబీ మెమరీ చిప్ పెట్టారు. అలాంటి చిప్ మీద ఇన్నిసార్లే రాసి చెరపగలమని ఒక పరిమితి ఉంటుంది. తయారు చేసినవాళ్లకు అది తెలియని విషయం కాదు. కారు వాడుతున్నంతకాలం సాఫ్ట్‌వేర్ దాని మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంది. కొన్నేళ్లకు చిప్ అరిగిపోయింది, తెర నల్లబడింది. పాటలు ఆగిపోతే ఎవరైనా సర్దుకుంటారు. కానీ తెరతో పాటే వెనక కెమెరా పోయింది. అద్దం మీద పట్టిన ఆవిరిని, మంచును పోగొట్టే ఏర్పాటును నడిపే వీలు పోయింది. ఇండికేటర్ వేస్తే వినిపించాల్సిన చప్పుడు కూడా పోయింది. ఫిబ్రవరిలో దాదాపు 1,35,000 కార్లను రీకాల్ చేశారు. అప్పుడు కూడా ఇది లోపమని కంపెనీ ఒప్పుకోలేదు.

వెనక కెమెరా విలాస వస్తువు కాదు. 2018 మే నుంచి అమెరికాలో అమ్మకానికి తయారయ్యే ప్రతి కొత్త కారులో అది ఉండి తీరాలి. రివర్స్ గేర్ వేసిన 2 సెకన్లలోపు వెనక దృశ్యం తెర మీదకు రావాలి. ఈ నిబంధనకు మూలమైన 2008 చట్టానికి ఒక రెండేళ్ల బాబు పేరు పెట్టారు. ఇంటి ముందు కన్నతండ్రే కారు వెనక్కి తీస్తుంటే దాని కింద పడి ఆ బిడ్డ చనిపోయాడు. ఇలాంటి ప్రమాదాల్లో ఏటా సుమారు 210 మంది ప్రాణాలు పోతున్నాయని భద్రతా సంస్థే లెక్క చెప్పింది. వాళ్లలో సగానికి పైగా అయిదేళ్లలోపు పసివాళ్లూ 70 ఏళ్లు దాటిన పెద్దవాళ్లూ. ఆ దృశ్యం కనబడాల్సిన తెర ఆగిపోతే అది రేడియో చెడిపోవడంతో సమానం ఎలా అవుతుంది?

కార్ల కంపెనీల తీరు మాత్రం అలాగే ఉంది. ప్రకటనల్లో అంతా ఆ తెరే. షోరూమ్‌లో సేల్స్‌మన్ ఇంజిన్ కన్నా ముందు దాన్నే చూపిస్తాడు. పెద్ద తెర ఉన్న మోడల్‌కు ధర ఎక్కువ. అదే తెర హ్యాంగ్ అయిందని సర్వీస్ సెంటర్‌కు వెళితే, ‘వినోద సాధనం’ కదా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తుంది, ఆగండి అంటారు. అమ్మేటప్పుడు ఒక మాట, వారంటీ దగ్గర ఇంకో మాట.

ఈ రెండు నాల్కల వ్యవహారం ఒక్క కంపెనీతో మొదలైంది కాదు. మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే మైఫోర్డ్ టచ్ అనే తెర వ్యవస్థను ఫోర్డ్ 2010లో ఆర్భాటంగా తెచ్చింది. మరుసటి ఏడాదే జేడీ పవర్ అనే సంస్థ చేసే కొత్త కార్ల నాణ్యత సర్వేలో ఫోర్డ్ 5వ స్థానం నుంచి 23వ స్థానానికి పడిపోయింది. తెర స్తంభించడం, నల్లబడటం, కెమెరా రాకపోవడం మీద వినియోగదారులు 2013లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకెక్కారు. 2014 డిసెంబరులో కంపెనీ తనంతట తానే ఆ వ్యవస్థను పక్కన పెట్టి బ్లాక్‌బెర్రీకి చెందిన క్యూఎన్ఎక్స్ సాఫ్ట్‌వేర్‌తో కొత్తది ప్రకటించింది. పాతది పనికిరాదని తయారుచేసినవాళ్లకే అర్థమైపోయింది. అయినా దాన్ని డబ్బు పెట్టి కొన్నవాళ్లు మాత్రం 2019 దాకా కోర్టులో నిలబడాల్సి వచ్చింది. చివరికి దాదాపు 1.7 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్, అంటే తీర్పు దాకా వెళ్లకుండా రాజీ. ఆరేళ్లలో ఎంతమంది ఆ కార్లను నష్టానికి అమ్ముకుని ఉంటారో ఎవరు లెక్కపెడతారు?

సుబారు కార్లలోని తెర వ్యవస్థ స్టార్‌లింక్ కేసూ ఇంతే. 2019లో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌లో, 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లుగా ఉన్న వారంటీని ఈ వ్యవస్థకు 5 ఏళ్లు లేదా లక్ష మైళ్లకు పెంచారు. కోర్టుకు వెళ్తే ఇవ్వగలిగిన వారంటీని కొన్న రోజే ఎందుకు ఇవ్వలేదు?

2022 జనవరి చివర్లో సియాటిల్ ప్రాంతంలో జరిగింది వింటే ఈ యంత్రాలను ఏ మేరకు పరీక్షించి అమ్ముతున్నారో అర్థమవుతుంది. ఒక రేడియో స్టేషన్ తన ప్రసారంతో పాటు పంపిన బొమ్మల ఫైళ్ల పేర్ల చివర ఫైల్ రకం తెలిపే అక్షరాలు లేవు. అంతే, 2014 నుంచి 2017 వరకు వచ్చిన కొన్ని మాజ్దా కార్లలో ఆ స్టేషన్ వింటున్నవారి వ్యవస్థ మొత్తం చచ్చుబడింది. కెమెరా లేదు, బ్లూటూత్ లేదు, స్టేషన్ మార్చే వీలు కూడా లేదు. కొత్త యూనిట్‌కు 1,500 డాలర్లు అవుతుందని డీలర్లు చెప్పారు. విషయం పత్రికలకెక్కాకే ఉచితంగా మారుస్తామన్న మాట వచ్చింది. రేడియో వినడం కూడా కారు యజమాని తప్పేనా?

ఇక వారంటీ కాగితాల సంగతి. తయారీలో, ముడిసరుకులో లోపం ఉంటేనే బాగుచేస్తామని అందులో రాసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తప్పు తయారీ లోపం కాదు, డిజైన్ లోపం, కాబట్టి వారంటీ కిందికి రాదని కంపెనీల లాయర్లు వాదిస్తారు. ఇలా డిజైన్‌ను వేరు చేసి చూపే వాదనను కార్ల కేసుల్లో కొన్ని కోర్టులు ఒప్పుకున్నాయి కూడా. దీని అర్థమేమిటో ఒక్క క్షణం ఆలోచించండి. ఒక కారులో పొరపాటు జరిగితే బాగుచేస్తారు, అన్ని కార్లలోనూ ఒకే పొరపాటు చేస్తే బాగుచేయనక్కర్లేదు. తప్పు ఎంత పెద్దదైతే బాధ్యత అంత తక్కువ! అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం వచ్చిందే వారంటీ పేరుతో కొనేవాళ్లను మోసగించకుండా. ఆ చట్టం వచ్చేనాటికి కారులో సాఫ్ట్‌వేర్ అన్న మాటే లేదు. అర్ధ శతాబ్దం తర్వాత కూడా ఈ సందును మూయకపోతే తప్పు చట్టసభది.

దీనికి తోడు సర్వీస్ సెంటర్‌లో జరిగే తంతు ఒకటుంది. రోడ్డు మీద పదిసార్లు ఆగిన తెర మెకానిక్ ముందు ఒక్కసారి పనిచేస్తే చాలు, ‘సమస్య కనబడలేదు’ అని జాబ్ కార్డు మీద రాసి తాళాలు చేతిలో పెడతారు. ఈలోగా వారంటీ గడువు దాటిపోతుంది. గడువు లోపలే ఫిర్యాదు చేశామని నిరూపించుకునే భారం మళ్లీ యజమాని మీదే.

ఎలక్ట్రానిక్ వస్తువులు త్వరగా పాతబడతాయని, చిన్న చిన్న లోపాలకు కూడా క్లాస్ యాక్షన్ (బాధితులందరి తరఫున వేసే ఉమ్మడి దావా) వేస్తే లాభపడేది లాయర్లేనని పరిశ్రమ అంటోంది. లాయర్ల ఫీజుల మీద ఆ విమర్శలో కొంత నిజం ఉంది. కానీ వస్తువు త్వరగా పాతబడుతుందని ముందే తెలిస్తే బ్రేకులు, అద్దాలు, లైట్ల పక్కన దాన్ని ఎందుకు కూర్చోబెట్టారు? బటన్లన్నీ పీకేసి ప్రతి పనినీ ఆ తెరలోకి నెట్టమని కొనేవాళ్లెవరూ అడగలేదు. అలా చేస్తే వైర్లు, స్విచ్‌ల ఖర్చు తగ్గింది కంపెనీలకే. మిగిలిన డబ్బు వాళ్లది, చెడినప్పుడు పడే టెన్షన్ కొన్నవాళ్లదా?

సెటిల్‌మెంట్లతో సంతృప్తి పడటం ఇంకా ప్రమాదం. తప్పు ఒప్పుకోకుండా డబ్బు కట్టి బయటపడితే తీర్పు ఉండదు. తీర్పు లేకపోతే తర్వాతి బాధితుడికి చేతిలో ఆధారం ఉండదు. ప్రతి కొత్త కేసూ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కంపెనీలు కోరుకునేది కూడా ఇదే. సెటిల్‌మెంట్ ఆమోదించే జడ్జీలు ఎంత డబ్బు అని అడిగినట్టే, ఈ లోపం మీకు ఏ తేదీన తెలిసింది అని కూడా అడగాలి. ఆ జవాబు బహిరంగంగా రికార్డు కావాలి.

కెమెరాను, అద్దం మీది మంచు తొలగించే మీటను, హెచ్చరిక చప్పుళ్లను నడిపే తెరకు ఇంజిన్, గేర్‌బాక్స్‌కు ఇచ్చే వారంటీ కన్నా తక్కువ ఇవ్వడానికి వీల్లేదని భద్రతా సంస్థ నిబంధన పెట్టాలి. సాఫ్ట్‌వేర్ తప్పును వారంటీ నుంచి తప్పించే షరతు చెల్లదని చట్టంలో రాయాలి. సొంత డబ్బుతో మరమ్మతు చేయించుకున్నవాళ్లకు అడగకుండానే ఆ మొత్తం తిరిగి పంపాలి. ఎవరు కారు కొన్నారో, ఎక్కడ బాగుచేయించుకున్నారో కంపెనీల దగ్గర వివరాలున్నాయి. సర్వీస్ గడువు దగ్గరపడగానే గుర్తు చేస్తూ మెసేజ్‌లు పంపడం తెలిసినవాళ్లకు, డబ్బు వాపసు ఇచ్చేటప్పుడు చిరునామా దొరకలేదని చెప్పడానికి నోరెలా వస్తుంది?