కుట్లు విప్పే రోజున అడగాల్సిన ప్రశ్న

రోడ్డు ప్రమాదంలో ఒకతని మోకాలు చీరుకుపోయింది. నాలుగు కుట్లు పడ్డాయి. ‘పెద్ద గండం తప్పింది, దిష్టి తీయించండి’ అని ఇరుగుపొరుగు ధైర్యం చెప్పి వెళ్లారు. పది రోజులకు గాయం మానింది కానీ, ఆ మనిషి మళ్లీ బండి తీయలేదు. వెనక లారీ హారన్ వినిపిస్తే ఒళ్లు చల్లబడుతోంది. రాత్రి కళ్లు మూస్తే అదే మలుపు, అదే బ్రేకు చప్పుడు. ‘ఇంత చిన్న దెబ్బకే ఇంత భయమా’ అని ఇంట్లో ఒక్కసారి అన్నారు. ఆ తర్వాత అతను నోరు విప్పలేదు.

ఇలాంటివారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. ప్రమాదం చిన్నదో పెద్దదో మనం గాయాన్ని చూసి తేలుస్తాం. ‘ఇక అయిపోయాను’ అనిపించిన ఆ ఒక్క క్షణాన్నే మనసు గుర్తుపెట్టుకుంటుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 4.43 లక్షల మంది గాయపడ్డారన్నది కేంద్ర రవాణా శాఖ లెక్క. పోలీసుల దాకా వెళ్లనివారు అందులో లేరు.

చాలామందిలో ఈ బెదురు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా వదలకపోతే మానసిక వైద్యుడికి చూపించాల్సిందే. అయితే తొలి రోజుల్లో సాయమంటే మర్నాడే కూర్చోబెట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించడం కాదు. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాద బాధితులతో అలాగే చెప్పించి చూశారు. మూడేళ్ల తర్వాత వారి పరిస్థితి, అలా చెప్పించని వారికన్నా అధ్వానంగా ఉందని 2000లో తేలింది. తొలి రోజుల్లో కావలసింది పక్కన ఒక మనిషి, కంటినిండా నిద్ర, చెప్పాలనిపించినప్పుడు వినే చెవి.

ఆ తర్వాత గమనించేవారు కావాలి. కట్టు మార్చడానికో, కుట్లు విప్పడానికో క్షతగాత్రుడు ఎలాగూ ఆసుపత్రికి వస్తాడు. నిద్ర పడుతోందా, మళ్లీ బండెక్కావా, అదే దృశ్యం కళ్లముందు తిరుగుతోందా అని నర్సు అడగడానికి రెండు నిమిషాలు చాలు. అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416 చేతికివ్వవచ్చు.

ప్రమాద బాధితులకు లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025లో తెచ్చింది. మంచి పని. కానీ దాని గడువు ఏడు రోజులే. మనసుకు తగిలిన దెబ్బ బయటపడేది చాలాసార్లు ఆ తర్వాతే. మానసిక రుగ్మతలకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా వర్తించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అదే న్యాయం ఈ పథకానికీ వర్తించాలి. కౌన్సెలింగ్ వరకైనా గడువును మూడు నెలలకు పెంచాలి.