చంద్రకాంతలు పీకేసి ప్లాస్టిక్ గడ్డి పరిచారు మహానుభావులు

ఒళ్ళు మండిపోతోంది, ఇంకా చల్లారలేదు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నాను. పొద్దున్న పాలపేకెట్ కోసం కిందకి దిగితే మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన పూలమడి లేదు. మడి మొత్తానికే లేదు. చంద్రకాంతలు, డిసెంబరాలు, నందివర్ధనం, తెల్లదీ గులాబీరంగుదీ బిళ్ళగన్నేర్లు, అన్నీ వేళ్ళతో సహా పీకి చెత్తబండి కోసం గేటు బయట కుప్పేశారు. నందివర్ధనం నిండా మొగ్గలే, సాయంత్రానికి విచ్చేవి, అలాగే తలకిందులుగా పడున్నాయి. "ఏంటిది?" అని తోటపనికొచ్చే అతన్ని అడిగితే "సెక్రటరీ గోరు పీకీమన్నారమ్మా, నానేటి సేత్తాను, గడ్డి వత్తాదంట" అన్నాడు. వచ్చింది కూడా. చుట్టలు చుట్టి ఆటోలో వచ్చింది. ప్లాస్టిక్ గడ్డి!

పైకొచ్చి వాట్సాప్ గ్రూపు తెరిస్తే "మన ఎంట్రన్స్‌కి న్యూ లుక్" అని సెక్రటరీ గారి మెసేజ్, కింద చప్పట్ల బొమ్మలే చప్పట్ల బొమ్మలు. "సూపర్ సార్", "రిసార్ట్ లా ఉంది సార్". రిసార్ట్‌లో ఉందామనుకునేవాళ్ళు రిసార్ట్‌కే పోవచ్చు కదండీ, భీమిలి రోడ్డు పొడుగునా అవే కదా ఉన్నాయి. నేను మర్యాదగానే "ఆ మొక్కలకేమైంది సార్, బాగానే పూస్తున్నాయిగా" అని పెట్టాను. దానికాయన సమాధానం చూడండి, "అవి విలేజ్ టైప్ మొక్కలు మేడమ్, ఒక థీమ్ ఉండాలి". థీమ్ అంట.

ఈ థీమ్ ఎక్కడిదో నాకు తెలుసు. ఆయన గారు మొన్న కొడుకు దగ్గరికి దుబాయ్ వెళ్ళొచ్చారు. అక్కడ మిరకిల్ గార్డెన్ చూసి ఇన్‌స్పైర్ అయ్యారు. వచ్చిన దగ్గర్నుంచీ గ్రూపులో అవే ఫోటోలు, పూలతో కట్టిన విమానం, పూల గుండెకాయలు, పూల గొడుగులు. సరే, నేనూ కాదనను, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ సార్, ఆ తోట 2013 ఫిబ్రవరి 14న మొదలుపెట్టారు, అప్పట్నుంచీ ప్రతి ఎండాకాలం దానికి తాళమే! నెలల తరబడి మూసేసి, మళ్ళీ చలి మొదలయ్యే టైముకి కొత్తగా నాటుకుని తెరుస్తారు. అక్కడున్నవి ఎక్కువ పెటూనియాలు, ఎండ ముదిరితే అవి బతకవని వాళ్ళకి తెలుసు, అందుకే మూసుకుంటారు. అంత డబ్బు, డ్రిప్పు పైపులు, అంతమంది పనివాళ్ళు ఉన్న దుబాయ్ వాడే ఎండకి దణ్ణం పెట్టి ఇంటికి పోతుంటే మన సెక్రటరీ గారు మాత్రం సముద్రానికి కూతవేటు దూరంలో మే నెలలో థీమ్ నడిపిస్తారు. నడవదు కాబట్టే ప్లాస్టిక్. అంటే దుబాయ్ పూలు చూసి ఇన్‌స్పైర్ అయిన మనిషి చివరికి పూలే లేకుండా చేశాడు, అదీ ఇన్‌స్పిరేషన్.

పైగా ఆ ప్లాస్టిక్ గడ్డి మధ్యాహ్నం పన్నెండింటికి చెప్పుల్లేకుండా తొక్కి చూడండి. మట్టిలో గడ్డి తడిని ఆవిరి చేసుకుని కాస్త చల్లగా ఉంటుంది, ఇది ఎండని తాగి కాలుతుంది అంతే. ఇవాళ మూడో ఫ్లోర్ వాళ్ళ బుడ్డోడు పరిగెత్తుకుంటూ దాని మీదకెళ్ళి గెంతుకుంటూ వెనక్కొచ్చాడు. వాళ్ళమ్మ కూడా పొద్దున చప్పట్లు పెట్టింది, అదీ నా బాధ.

చంద్రకాంత సంగతి చెప్పకుండా ఉండలేను. సాయంత్రం నాలుగైదు గంటలకి విచ్చుకుంటుంది, తెల్లారి ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళకి సరిగ్గా గేటు దగ్గర కనపడే పువ్వు అది. ఒకే చెట్టుకి పసుపు, రాణీరంగు, రెండూ కలిసిన చారల పువ్వు పూస్తుంది, ఏ డిజైనర్ గీశాడండీ ఆ చారలు? మిరియాల్లాంటి నల్ల గింజలు రాలితే పిల్లలు చిదిమి లోపలి తెల్లపొడి బుగ్గలకి పూసుకునేవాళ్ళు, మా ఇంట్లో పౌడరు డబ్బా అయిపోతే మా అక్క నిజంగానే పూసింది నాకు. ఇంకోటి, దాని దుంప మట్టిలో ఉంటే చాలు, పైన ఏమైపోయినా మళ్ళీ లేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెల్లారి బయటికొస్తే ఊరు మనది కాదనిపించింది, నిద్రగన్నేర్లు వేళ్ళతో సహా పడిపోయాయి, నిలబడ్డ వాటికి ఆకన్నది లేదు. అప్పుడు మా గేటు దగ్గర ముందుగా పచ్చగా లేచింది ఏదో తెలుసా? ఈ విలేజ్ టైప్ మొక్కే. కరెంటు రాకముందే అది వచ్చింది.

హుద్‌హుద్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ఆ తర్వాత ఊరు మళ్ళీ పచ్చబడాలని తొందరగా పెరిగేవి తెచ్చి రోడ్ల పొడుగునా పాతారు కదా, ఏడాకులపాల. మంచి చెట్టే, మన చెట్టే, ఒకప్పుడు దాని చెక్కతో పలకలు చేసేవాళ్ళు, అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ వరసగా ఇళ్ళ కిటికీల ముందు పెడితే? అక్టోబరు నవంబరు వచ్చిందంటే రాత్రి ఎనిమిదికి తలుపులు మూసుకోవాల్సిందే, ఆ వాసనకి తల పగిలిపోతుంది, ఆయాసం ఉన్నవాళ్ళయితే పడుకోలేమంటారు. దాన్ని గురించి ఇన్నేళ్ళుగా ఊరంతా గోల పెడుతుంటే మా అసోసియేషన్‌కి చీమ కుట్టదు, మా కాంపౌండ్‌లోనే ఒకటుంది, దాని కొమ్మ కూడా ముట్టుకోరు. చంద్రకాంత మాత్రం అడ్డమొచ్చింది వీళ్ళకి.

ఇక పూలదొంగల గురించి. పొద్దున్నే ఐదున్నరకి వాకింగ్ పేరుతో బయల్దేరి ఒక చేతిలో క్యారీబ్యాగు, ఇంకో చేతిలో కొక్కెం కర్ర పట్టుకుని ఊరి మందారాలన్నీ దేవుడికి సమర్పించే భక్తులు మీ వీధిలోనూ ఉంటారు. మా బిల్డింగ్‌లో ఒకాయన ఉన్నారు, మొగ్గల్ని కూడా వదలరు, "అమ్మవారికమ్మా" అంటారు. మొక్కకి ఏనాడూ చెంబుడు నీళ్ళు పోసింది లేదు. నందివర్ధనం మీద రోజూ బతికిన ఆ మహానుభావుడు ఇవాళ గ్రూపులో ఒక్క ముక్క మాట్లాడలేదు, చప్పట్ల బొమ్మ పెట్టాడు. రేపట్నుంచి అమ్మవారికి ప్లాస్టిక్ గడ్డి కోసిస్తాడేమో చూడాలి.

ఇన్‌స్పిరేషన్ కావాలంటే విమానం టికెట్టు అక్కర్లేదండీ బాబూ. పెదజాలరిపేట వైపు ఒక సాయంత్రం నడిచి చూడండి, పగిలిన పెయింట్ డబ్బాల్లో ఎర్రమందారం, గుమ్మం పక్కన బంతి. ఆ ఉప్పుగాలిలో, ఆ ఇసుకలో. ఉప్పు ఆకుల మీద పేరుకుంటే అంచులు మాడిపోతాయని అక్కడి ఆడవాళ్ళకి ఎవరూ క్లాసు చెప్పలేదు, నీళ్ళు పట్టేటప్పుడు ఆకులమీద కూడా చిలకరిస్తారు, అంతే. వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో ఇంకా అపార్ట్‌మెంట్ కాని పాత బంగళాలు ఎక్కడైనా మిగిలితే వాటి ప్రహరీ మీద కాగితంపూలు చూడండి, ఎవరూ చూసుకోని గోడమీదే అంత విరగపూస్తుంది. ఎందుకో చెప్పనా? దానికి నీళ్ళు ఎక్కువైతే ఆకులేసుకుంటూ కూర్చుంటుంది, కాస్త ఎండగడితేనే రంగు తిరుగుతుంది. ఆ రంగుది అసలు పువ్వే కాదు, పువ్వు చుట్టూ ఉండే ఆకులు, మధ్యలో సన్నగా తెల్లగా కనపడేదే పువ్వు. మా సెక్రటరీ గారు పోయినేడు తెప్పించిన కాగితంపూల కుండీకి రెండుపూటలా నీళ్ళు పోయించి "ఇది పూయదు, నర్సరీవాడు మోసం చేశాడు" అని దాన్నీ అవతల పారేయించారు. నేను చెప్పాను, వినలేదు, ఆడవాళ్ళు చెప్తే వినే అలవాటు లేదు.

నర్సరీ వాళ్ళని కూడా వదలను ఇవాళ. కడియం నుంచి లారీల్లో వచ్చిన మొక్కలు రోడ్డుపక్కన పెట్టి అమ్ముతారు చూడండి, ఆ గులాబీకి కొన్నరోజున కొమ్మకో పువ్వు, ఇంటికొచ్చాక మూగనోము. కడియం వాళ్ళ తప్పు లేదు, వాళ్ళు ఊరూరికీ పూలు నేర్పినవాళ్ళు. మనం చేసేదేంటంటే, ఆ జిగటమట్టి ముద్దని అలాగే కుండీలో దించేస్తాం, నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది. పైగా అంటు కింద నుంచి అడవిరెమ్మ బలంగా లేస్తే "అబ్బా ఎంత బాగా పెరుగుతోందో" అని మురిసిపోతాం, అది పైనున్న మంచి కొమ్మని చంపేదాకా. మా తోటపని అతనికి ఇదంతా తెలుసు, వేలితో మట్టి పొడిచి చూసి నీళ్ళు పోస్తాడు, పిండినల్లి పడితే వేపనూనెలో కాస్త సబ్బు నురగ కలిపి ఆకు వెనక కొడతాడు. అతన్ని అడక్కుండా డిజైనర్ అంటూ ఎవరినో పిలిచారు. ఆ డిజైనర్ బిళ్ళగన్నేరుని చూపించి "ఈ కలుపేంటి" అన్నాడంట. కలుపా! మడగాస్కర్ నుంచి వచ్చి ఉప్పుగాలికీ ఎండకీ తట్టుకుని పన్నెండు నెలలూ పూసే మొక్క అది, పిల్లల బ్లడ్ కేన్సర్‌కి ఇచ్చే విన్‌క్రిస్టిన్ మందు దాన్నుంచే తీశారు. ఈ మాట గ్రూపులో పెడితే ఎవరో "నైస్ ఇన్ఫో మేడమ్" అన్నారు. నైస్ ఇన్ఫో!

సింహాచలం సంపెంగల మాట ఎత్తితే ఇంకో పోస్టు అవుతుంది. కొండ కింద ఆకుదొన్నెలో పెట్టి అమ్ముతారు, బస్సులో ఒకళ్ళ తలలో ఉంటే బస్సంతా తెలుస్తుంది. ఒక సంపెంగ చెట్టు గేటు దగ్గర పెడదామని నేను ఎప్పుడో మీటింగ్‌లో అన్నాను. "ఆకులు రాలతాయి మేడమ్, పాములొస్తాయి మేడమ్." సంపెంగకి పాములొస్తాయట, బీటెక్ చదివిన మనిషి ఆ మాట అన్నది. అవునులెండి, ఆకు రాలకూడదు, పురుగు రాకూడదు, మట్టి అంటకూడదు, వాసన రాకూడదు, పోనీ పువ్వు పూయకూడదు అని డైరెక్ట్‌గా చెప్పేస్తే అయిపోతుందిగా.

అసలు ఆయనకి నామీద కోపం ఎప్పట్నుంచో నాకు తెలుసు, మీకూ చెప్తాను. టెర్రస్ మీద నా కుండీలుండేవి. విరజాజి పందిరి, కనకాంబరాలు, రెండు రెక్కమందారాలు, శంఖుపూలు, ఒక టబ్బులో కలువ కూడా వేశాను. సాయంత్రం బట్టలు తీయడానికి వచ్చినవాళ్ళు అక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు, జాజులు కోసుకుని ఎవరి మాల వాళ్ళు కట్టుకుని వెళ్ళేవాళ్ళు, నేను ఏనాడూ కాదన్లేదు. ఒకరోజు ఐదో ఫ్లోర్ సెక్రటరీ గారి బెడ్‌రూమ్ సీలింగ్ చెమ్మొచ్చింది. అంతే, "మేడమ్ మొక్కల వల్ల సీపేజ్" అని నోటీసు. కుండీల కింద ఇటుకలు పెట్టాను, పళ్ళేలు పెట్టాను, వచ్చి చూడండి అన్నాను. చూడలేదు. వారం గడువిచ్చారు. విరజాజి తీగ పిట్టగోడకి అల్లుకుపోయి ఉంది, దాన్ని విప్పలేక కోసేశాం, మావారు కత్తిరిస్తుంటే నేను కిందకి దిగిపోయాను. కుండీలన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను, కలువ టబ్బు మా తోడికోడలు గాజువాక తీసుకెళ్ళింది, అక్కడ బాగానే పూస్తోందట, ఫోటోలు పెడుతుంది, పెట్టినప్పుడల్లా కడుపు మండుతుంది.

మరి సీపేజ్ ఆగిందా? ఆగలేదు! తర్వాత వానాకాలం అదే చెమ్మ, అదే గోడ. ప్లంబర్ వచ్చి తవ్వితే ఓవర్‌హెడ్ ట్యాంకు పైపు జాయింటు కారుతోంది. ఎప్పట్నుంచో కారుతోందన్నాడు. జాయింటు మార్చారు, చెమ్మ ఆగింది, దానికైన ఖర్చు అందరి మెయింటెనెన్స్‌లో వేశారు, నాతో సహా! ఒక్క సారీ లేదు. "కుండీలు మళ్ళీ పెట్టుకోవచ్చా" అని అడిగితే "రూల్ రూలే మేడమ్, మీకొకరికిస్తే అందరూ అడుగుతారు". అందరూ అడిగితే ఏమవుతుందండీ, టెర్రస్ నిండా పూలుంటాయి, అంతేగా?

సార్ ఈ పోస్టు చూస్తారని తెలుసు, వాళ్ళ కోడలు నా లిస్టులోనే ఉంది. చూడనివ్వండి. ఈ నెల మెయింటెనెన్స్‌లో "గార్డెన్ డెవలప్‌మెంట్" అని ఒక లైను ఉంటుంది, అది నేను కట్టను. ట్యాంకు పైపు బిల్లులో నా వాటా ముందు వెనక్కివ్వండి, అప్పుడు గడ్డి లెక్క మాట్లాడుకుందాం.