అమ్మ ‘గ్యాసు’ అంటే అక్కడితో వదిలేయకండి

నేను అమెరికాలో ఉంటాను. ఏడాదిపాటు ప్రతి ఆదివారం ఊళ్లో ఉన్న మా అమ్మ ఫోన్‌లో ఒకటే మాట చెప్పింది. “ఏటీ లేదురా, గ్యాసు.” నేనూ “మాత్ర వేసుకోమ్మా” అని ఊరుకున్నాను. శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట దగ్గర మా ఊరు. మందుల షాపులో అడిగితే పరగడుపున వేసుకోమని గ్యాస్ మాత్రల స్ట్రిప్పు ఇస్తారు. కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఇంకో స్ట్రిప్పు.

ఒకరోజు వీడియో కాల్‌లో మాత్రల డబ్బా చూపించమన్నాను. పాత బిస్కెట్ల డబ్బా. అందులో గ్యాస్ మాత్రలు, వాటి పక్కనే మోకాళ్ల నొప్పుల మాత్రలు. ఇవెప్పటి నుంచి అంటే “కోతలప్పటి నుంచి” అంది. మూత పెడుతుంటే అమ్మ గోళ్లు చూశాను. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మర్నాడే రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.8, అంటే ఒంట్లో రక్తం బాగా తక్కువ. విశాఖపట్నం తీసుకెళ్లి ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్నని గొట్టం దింపి కడుపు లోపల చూసే పరీక్ష, చేయిస్తే కడుపులో పుండు (అల్సర్). ఆ నొప్పి మాత్రలు ఒక కారణం, హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా రెండో కారణం. అల్సర్‌కి ఈ బ్యాక్టీరియా కారణమని కనిపెట్టినందుకే బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. మన ఇళ్లలో మాత్రం పుండంటే ఇప్పటికీ కారం ఎక్కువ తిన్నావనే అంటాం. అమ్మకి 14 రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు, నొప్పి మాత్రలు మాన్పించారు, ఐరన్ మొదలుపెట్టారు.

నన్ను ఇప్పటికీ కలచివేసేది వేరే సంగతి. నెలల తరబడి విరేచనం తారులా నల్లగా అవుతోందట. లోపల పుండు నుంచి రక్తం కారుతోందనడానికి గుర్తు అది. ఎవరితోనూ చెప్పలేదు. కొడుకుతో చెప్పుకునే మాటా అది? నేనూ ఏనాడూ అడగలేదు. తిన్నావా, నిద్ర పట్టిందా అని అడిగే మనం ఈ ఒక్కటీ అడగడానికి సిగ్గుపడకూడదు. రంగు ఎలా ఉంది, రక్తం పడుతోందా, బరువు తగ్గావా, ముద్ద మింగుడు పడుతోందా అని అడగండి. రక్తం కనబడగానే మొలలే అని తేల్చేయకండి. గుండెల మీద బరువుగా ఉండి చెమటలు పడుతుంటే మాత్రం గ్యాస్ మాత్ర కోసం వెతకొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయించండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక మేము ఒక రోజంతా పోగొట్టుకున్నాం. బోర్డు మీద ‘గ్యాస్ట్రో’ అని చూసి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మూడు గంటలు కూర్చున్నాక తెలిసింది, ఆయన సర్జన్ అని. పేరు పక్కనున్న డిగ్రీ చూస్తే ఈ తిప్పలు తప్పేవి. జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేసి, ఆపైన గ్యాస్ట్రోఎంటరాలజీలో డి.ఎం. చేసినవారు మందులతో, ఎండోస్కోపీతో వైద్యం చేస్తారు. ఎం.ఎస్. తర్వాత ఎం.సి.హెచ్. అని ఉంటే ఆపరేషన్లు చేసేవారు. పిత్తాశయం తీయాలన్నా, పేగు కోయాలన్నా వీరి దగ్గరికే. నా మాట అడిగితే, మొదట శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మంచి ఎం.డి. డాక్టర్‌కి చూపించి, ఆయన చీటీ పట్టుకుని ముందుకు వెళ్లడమే మేలు.

పేరులో గ్యాస్ ఉంది కదా అని గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్లు చూసేది గ్యాస్ ఒక్కటే కాదు. ఆహార గొట్టం, కడుపు, పేగులతో పాటు కాలేయం, పిత్తాశయం, క్లోమం కూడా వాళ్లవే. కాబట్టి పచ్చకామెర్లకు కూడా వెళ్లవలసింది అక్కడికే. మన వైపు పచ్చకామెర్లనగానే పసరు పోయించడానికి పరిగెడతారు. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ అనే కాలేయ జబ్బులు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి. పేరు పసరుకొస్తుంది. అదే పిత్తనాళంలో రాయి అడ్డుపడో, గడ్డ వచ్చో కళ్లు పచ్చబడితే, పసరు తాగుతూ కూర్చున్న ప్రతి వారమూ ప్రాణం మీదికి తెచ్చేదే. నాకు ఈ విషయంలో మొహమాటం లేదు, మా బంధువులతో నేరుగానే చెబుతున్నాను.

ఇక ప్రయాణం. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్లు పైమాటే. ఎండోస్కోపీకి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి, మత్తు ఇస్తే తోడు మనిషి కావాలి. కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష) అయితే ముందురోజు సాయంత్రమే పేగులు కడిగే మందు తాగిస్తారు. అది తాగిన పెద్దావిడను తెల్లవారుజామున బస్సెక్కించడం ఎంత నరకమో ఊహించండి. ముందురాత్రే విశాఖలో, బాత్రూమ్ ఉన్న గదిలో దింపండి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, కిడ్నీ జబ్బు ఉంటే ముందుగానే డాక్టర్‌కి చెప్పాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఇక్కడ అమెరికాలో మనకు 45 నిండగానే పెద్దపేగు పరీక్ష చేయించుకోమని డాక్టరే గుర్తు చేస్తారు. ఊళ్లో మన అమ్మానాన్నలకు అలా చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ మనవాళ్లం నడిపే మన సంఘం ఊళ్లలో పెట్టే హెల్త్ క్యాంపుల్లో షుగర్, బీపీ చూసి పంపించేస్తున్నాం. ఈసారి సంక్రాంతి క్యాంపులో హిమోగ్లోబిన్ కూడా చూడాలి, హెపటైటిస్ బి పరీక్ష చేయాలి, ప్రతి ఒక్కరినీ మాత్రల డబ్బా వెంట తెమ్మనాలి. రక్తం తక్కువగా ఉన్నవారిని విశాఖ దాకా తీసుకెళ్లి చూపించి, తిరిగి ఇంటి దగ్గర దింపే మనిషి ఖర్చు కూడా మనమే పెట్టుకోవాలి. మొదటి ఇద్దరి ఖర్చు నేను ఇస్తాను.