లాకులు మాకు కొత్తా?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కంప్యూటర్‌ని నడిపే లినక్స్ పుట్టింది 1991లో. అంటే లాకులు, ఎగువ, దిగువ అనే మాటల మీద మా గోదావరి డెల్టాకి 139 ఏళ్ల సీనియారిటీ ఉంది. ఈ సంగతి సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కడా ఒప్పుకోకపోవడం విచారకరం.

మాది పాలకొల్లు దగ్గర శివారు ఊరు. మేనల్లుడు నా పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి, "ఇక వైరస్ టెన్షన్ లేదు మావయ్యా" అని హైదరాబాద్ బస్సెక్కేశాడు. తెలుగు టైపింగ్ కోసం ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ పెట్టుకుందామని సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కమాండ్ కొట్టాను. లాకు, అంటే ఒకరి పని అయ్యేదాకా ఇంకొకర్ని ఆపే తాళం, దొరకలేదంది. ఇంకో ప్రాసెస్ పట్టుకుందట. దాని పేరు అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్, అంటే మనిషి లేకుండా నడిచేది. మనిషి లేడు, తాళం మాత్రం ఆయన దగ్గరే ఉంది. ఆఫీసుల చుట్టూ తిరిగినవాడికి ఇందులో వింతేముంది?

"ఆ లాకు ఫైలు డిలీట్ చేసేయండి బాబాయ్ గారూ, అందరూ చేసేదే" అన్నాడు ఎదురింటి ఇంజినీరింగ్ కుర్రాడు. అర్ధరాత్రి తూము తలుపు ఎత్తేసేవాళ్లు కూడా సరిగ్గా ఇదే మాటంటారు. మా అరుగు మీద కూర్చునే, కాలువ తూములు చూసుకున్న రిటైర్డ్ లస్కరు ఊరుకోలేదు. "ఎత్తినోడే దించాలండి. మజ్జిలో మీరు చెయ్యెడితే ఏ బోదెకి ఎంతెళ్లిందో లెక్కే ఉండదండి ఆయ్" అన్నాడు. ఆయన జన్మలో కీబోర్డు ముట్టలేదు. కానీ రెండు ప్రాసెస్‌లు ఒకే రిజిస్టరులో ఒకేసారి రాస్తే ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ లెక్కలు చెడిపోయేది అచ్చం అలాగే. టీ తాగొచ్చేసరికి లాకు వదిలింది.

తర్వాత డిపెండెన్సీలు. ప్యాకేజీకి ఒక లైబ్రరీ కావాలి, అదీ ఫలానా వెర్షనే కావాలి. చివర్లో, విరిగిన ప్యాకేజీలను నువ్వే పట్టుకుని కూర్చున్నావని నా మీద అభియోగం! ఎవరినడగాలి? అసలు ప్రోగ్రామ్ రాసినవాణ్ణి వాళ్ల భాషలో అప్‌స్ట్రీమ్, అంటే ఎగువ, అంటారు. ఆ ప్రోగ్రామ్‌లన్నీ కూర్చి ఉబుంటులా పంచే డిస్ట్రో వాళ్లనడిగితే ఎగువన అడగమంటారు, ఎగువ వాళ్లు మా దగ్గర బాగానే ఉంది, దిగువన చూసుకోమంటారు. శివారు రైతుని, నాకీ జవాబులు రెండూ కంఠస్థం.

ముందు జాబితా కొత్తది తెచ్చుకోవాలని తెలిసి ఆప్ట్ అప్‌డేట్ కొట్టాను. జాబితాతో పాటు తేదీ వేసి వచ్చే రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు, మరో 41 రోజులు ఆగాలంది. మే నెల. కాలువలు కట్టేశారు, నీళ్లెప్పుడు వదులుతారోనని ఊరంతా ఎదురుచూస్తోంది. కంప్యూటర్ కూడా ఆ లెక్కలోనే ఉందనుకుని, ఏమీ అనుకోకుండా మూసేయబోయాను. అప్పుడు కనబడింది తేదీ. లోపలి బ్యాటరీ చచ్చి, ల్యాప్‌టాప్ ఇంకా మార్చిలోనే ఉండిపోయింది.

తేదీ ముందుకి జరిపాను. వెంటనే రిలీజైపోయింది.

ఈ కిటుకు ధవళేశ్వరంలో ఎవరికి చెప్పాలో కనుక్కుంటున్నాను.